తిరుపతి యాత్రలో పిల్లల పడకలు

యాత్రకు బయలుదేరునపుడు మన ఇండ్లలో స్త్రీలు చేయు సన్నాహమునకు లోటుండదు. పులిహోర యెన్ని పూటలకు సరిపోవునో, పిల్లలకు ఏయే మందులు కావలెనో, ముడుపుమూట యెక్కడ భద్రపరుపవలెనో అన్నియు ముందుగానే యోచింతుము. కాని రాత్రి యెవరు ఎక్కడ పండుకొనవలెనో మాత్రము ఎవరును యోచింపరు. "ఒక్క రాత్రికేముంది, ఎక్కడో ఒకచోట నడుము వాల్చవచ్చు" అని త్రోసివేయుదుము. కడచిన వేసవి సెలవులలో తిరుపతికిని చిత్తూరునకును పోయి వచ్చిన పిమ్మట ఈ మాట యెంత పొరపాటో మాకు తెలిసినది. ఎదిగిన పిల్లలు గల సోదరీమణులకు ఉపకరించునని తలంచి ఆ సంగతి ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము మొత్తము ఏడుగురము. మా దంపతులము ఇరువురము గాక మా అత్తగారు, తొమ్మిదవ తరగతి ముగించిన పదునాలుగేండ్ల మా అమ్మాయి, పదేండ్ల మా చిన్నవాడు, మా ఆడబిడ్డ, పదునారేండ్ల ఆమె కుమారుడు. నెల్లూరులో రైలెక్కి గూడూరు మీదుగా తిరుపతి చేరితిమి. స్టేషనుకు ఎదుటనే విష్ణునివాసము కలదు. బస్సులు నిలుచు చోటికి చేరువలో శ్రీనివాసము కలదు. ఈ రెండును దేవస్థానమువారి వసతి గృహములే. మేము కొండమీదనే ఒక గదికి ముందుగా ఏర్పాటు చేసికొంటిమి గనుక దిగువను ఆగక బస్సెక్కితిమి.

ఇప్పుడు పైకి పోవు బస్సులు 1974లో ఏర్పడిన రెండవ కనుమదారిని పోవును; దిగివచ్చునవి 1944లో తెరచిన మొదటి దారిని వచ్చును. అంతకు పూర్వము నడచియో డోలీలోనో పోవుటయే గాని వేరు మార్గము లేదు. అలిపిరినుండి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. బస్సు మలుపులు తిరుగుచుండగా మా అత్తగారు తమ అవ్వ ఆ మెట్లెక్కి వచ్చిన కథ చెప్పిరి. అప్పటి కామె వయస్సు పదునాలుగట. అప్పటికే పెండ్లియై, అత్తవారితో వచ్చినదట. రాత్రి సత్రపు వసారాలో ఆడవారందరు ఒకవైపున, మగవారందరు మరియొకవైపున పండుకొనిరట.

ఆ కథ విన్నప్పుడు మాకు వింతగా మాత్రమే తోచినది. దానిలోని పాఠము మరునాటికి గాని తలకెక్కలేదు. ఆ కాలమున పదునాలుగేండ్ల పిల్ల పెద్ద ఆడువారిలో ఒకతె. ఆమె చాప యెక్కడ వేయవలెనో యెవరును అడుగ నక్కరలేదు. 1929లో వచ్చిన శారదా చట్టము ఆడపిల్ల వివాహమునకు కనీసము 14 ఏండ్లుండవలెనన్నది. 1978 నాటి సవరణతో అది 18 ఏండ్లయినది. ఇది మన ఆడపిల్లలకు కలిగిన గొప్ప మేలు. చదువుకొనుటకును ఎదుగుటకును వారికి కొన్ని సంవత్సరములు దక్కినవి. అయితే పసితనమునకును పెద్దతనమునకును నడుమనున్న ఈ వయస్సు మన గృహములకు క్రొత్తగా వచ్చిన చుట్టము వంటిది. ఆ చుట్టమునకు పీట యెక్కడ వేయవలెనో మన మింకను నేర్చుకొనలేదు.

తిరుమలలో మాకు దొరకిన గది శుభ్రముగానే యుండెను. రెండు మంచములు, చేరియున్న స్నానపు గది, ముందు చిన్న వరండా. ఇరువురికి చాలినంత చోటిది, మేము ఏడుగురము. రెండు గదులకు ప్రయత్నింపవలసినది మేమే. "పడుకోవడానికే గదా, ఒకటి చాలు" అని మితవ్యయమునకు పోతిమి.

భోజనములై వచ్చునప్పటికి రాత్రి పదియైనది. ఒక మంచము అత్తగారికి, ఒకటి మోకాళ్ల నొప్పులు గల మా ఆడబిడ్డకు. క్రింద జంపఖానాలు పరచి, వచ్చినవారు వచ్చినట్లు ఒరిగితిమి. మా అమ్మాయికి మిగిలిన చోటు గది నడుమ. దానికి జానెడు దూరమున వాళ్ల బావకు చోటు. అమ్మాయి నిలుచుండి చూచుచుండెనే గాని కూర్చుండలేదు. అది చూచి అత్తగారు నవ్వుచు, "ఏమే, బావను చూస్తే ఇప్పటినుంచే సిగ్గా?" అనిరి. గదిలో అందరు నవ్వితిమి. దాచుట యెందుకు, మేమును నవ్వితిమి. పిల్ల ముఖము కందగడ్డయైనది. ఆ పిల్లవాడు మాట లేకుండ గోడవైపునకు తిరిగి ముసుగు తన్నెను. దీపము తీసివేసితిమి.

సముద్రమట్టమునకు 2,800 అడుగుల యెత్తుననున్న కొండ గనుక నడివేసవిలోనైనను తెల్లవారుజామున చలిగాలి వీచును. ఆ గాలికి మెలకువ వచ్చి చూడగా అమ్మాయి చోటు ఖాళీగానుండెను. గుండె ఝల్లుమన్నది. తలుపు తీసి చూచితిమి. శాలువ కప్పుకొని, మోకాళ్లపై తల యానించి వరండాలో కూర్చున్నది. "ఎప్పుడు వచ్చావే?" అనగా "నిద్ర పట్టలేదమ్మా" అని మాత్రమే అన్నది. అంతలో సుప్రభాతము వినవచ్చెను. అది భక్తులందరికి మేలుకొలుపు. మా బిడ్డకు నిద్రయే లేనపుడు మేలుకొలుపెక్కడిది?

ఉదయము వైకుంఠము క్యూలో కూర్చుండి దర్శనమునకై వేచియుండగా ఆ పిల్లకు కన్నులు తిరిగి ఒడిలోనికి ఒరిగిపోయినది. అందరము గాబరాపడితిమి. ప్రక్కన కూర్చున్న పలమనేరు ప్రాంతపు రైతు స్త్రీ యొకతె తన కొంగున కట్టుకొన్న బెల్లపు ముక్కను దాని నోటబెట్టి, నీళ్లు త్రాగించి, నుదురు తడిమి చూచినది. "జ్వరం గాదులేమ్మా. బిడ్డ రేత్రి కన్ను మూసినట్టు లేదు. యాడ పండబెడితిరి?" అని యడిగినది. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆమె మందలింపులేని గొంతుతో ఇట్లన్నది: "మేము ఊరు దాటకముందే అనుకుంటాం, ఎవరి చాప యాడ అని. ఎదిగిన పిల్ల గోడవార, దాని పక్కన అవ్వ, వాకిలికాడ మొగోళ్లు. గది అయినా అంతే, సత్రమైనా అంతే."

చదువుకొన్న మాకు తోచనిది ఆమెకు ఊరు దాటకముందే తోచినది. స్వామి దర్శనమైనది, పిల్ల తేరుకొన్నది. కాని మా మనస్సు తేరుకొనలేదు.

మధ్యాహ్నము కొండ దిగి, బాడుగ కారు మాట్లాడుకొని చిత్తూరునకు బయలుదేరితిమి. తిరుపతినుండి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. దారిలో చంద్రగిరి కోట చూడ నాగితిమి. విజయనగర ప్రభువులు పెనుగొండ తరువాత రాజధానిగా చేసికొన్న కోట యిది. వెనుక నల్లని బండరాళ్ల కొండ, ముందు పచ్చిక. రాజమహలులో ఇప్పుడు పురావస్తువుల ప్రదర్శనశాల యున్నది. దానికి కొంత దూరమున రాణీమహలని పిలువబడు కట్టడము వేరుగా నున్నది. మా చిన్నవాడు రెంటిని మార్చి మార్చి చూచి, "రాజుగారికొకటి, రాణిగారికొకటి రెండు మహళ్లు కట్టుకొన్నారే! మనకేమో ఏడుగురికీ ఒక్కటే గది" అన్నాడు. అందరు నవ్విరి. వాళ్ల అక్క మాత్రము నవ్వలేదు. కన్నులు తుడుచుకొన్నది.

చెట్టునీడను కూర్చుండి దానిని దగ్గరకు తీసికొని యడిగితిమి. మొదట పలుకలేదు. పిమ్మట, "గది చిన్నదని కాదమ్మా. నన్నెవరూ అడగలేదు. బావంటే నాకేమీ భయం లేదు. అవ్వ అట్లా అన్నాక, మీరంతా నవ్వాక, ఇంక అక్కడ ఎట్లా పడుకోను?" అన్నది. కొంచెము దూరమున నిలుచున్న మా మేనల్లుడు నేల చూచుచు చెప్పిన మాట మమ్ములను మరింత నొప్పించినది. "నేనూ నిద్రపోలేదు అత్తా. కదిలితే మీరేమనుకుంటారోనని తెల్లారేదాకా గోడవైపు తిరిగే ఉన్నాను. బయట పడుకోమంటే పడుకుంటాను. కానీ దొంగను చూసినట్టు చూడొద్దు. ఎందుకో చెప్పి పంపండి."

ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఒకే రాత్రి వేరువేరుగా జాగరము చేసిరి. మేము నడుమ హాయిగా నిద్రించితిమి!

చిత్తూరులో మా పినమామగారి ఇల్లు పాతకాలపు మిద్దె. ప్రొద్దుగ్రుంకినను ఆ యూరి వేడి తగ్గలేదు. ఇంటినిండ మామిడిపండ్ల వాసన. సంగటియు పచ్చిమామిడికాయ పప్పును భుజించిన పిమ్మట, ఈ పర్యాయము చాపలు పరచుటకు ముందే పిల్లలిద్దరిని పిలిచి, "ఎవరికెక్కడ బాగుంటుందో మీరే చెప్పండి" అంటిమి. అమ్మాయి కోరినవి మూడే. బట్టలు మార్చుకొనుటకు గడియగల తలుపు. పడుకొనుటకు అవ్వ ప్రక్కన గోడవార చోటు. ఎవరును వేళాకోళము చేయకుండుట. పిల్లవాడు కోరినది ఒక్కటే. మిద్దెమీద మామయ్య ప్రక్కన చోటు. ఇంత స్వల్పమైన కోరికలకు మేము ఒక రాత్రి నిద్రను, ఒక ఉదయమును బలియిచ్చితిమి గదా యని సిగ్గుపడితిమి.

మగవారు మిద్దెమీదికిని, ఆడవారము నడవలోనికిని పోతిమి. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఉరుములతో వాన వచ్చినది. మిద్దెమీదివారందరు తడిసిన చాపలతో దిగివచ్చిరి. కరెంటు పోయినది. నిన్నటి గదిలోని గందరగోళమే మరల కలుగునని భయపడితిమి. కాని చీకటిలో మా అమ్మాయి గొంతు వినబడెను: "బావా, ఆ మూల పొడిగా ఉంది, అక్కడ వేసుకో. ఈ గోడవార మాది." పిల్లవాడు "సరే" అని, ఉత్తరీయమొకటి అడిగి తీసికొని తానే రెండు స్తంభములకు అడ్డముగా కట్టెను. పది నిమిషములలో ఇద్దరును గాఢనిద్రలో నుండిరి. చోటు నిన్నటి గదికంటె విశాలమేమియు కాదు. ముందుగా అడిగి ఏర్పరచినందున ఒకరియెదుట నొకరికి సంకోచము లేకపోయినది. అంతే భేదము.

సోదరీమణులకు మేము మనవి చేయునది యిదియే. ఎదిగిన పిల్లల పడకను గూర్చి బయలుదేరుటకు ముందే వారిని అడుగవలెను. ఇరుకు గదిలో పదిమంది ముందర అడిగిన పిల్లలు నిజము చెప్పరు. తిరుమలలో గది ఇచ్చునది సాధారణముగా ఇరువదినాలుగు గంటలకే గనుక, వచ్చువారు ఎక్కువైనచో రెండవ గదికి ముందే ప్రయత్నింపవలెను. అది దొరకనిచో పెట్టెలు భద్రపరచుకొను సదుపాయముగల ఉచిత వసతి సముదాయములు కొండమీద నున్నవి. 2025లో తెరచిన వేంకటాద్రి నిలయము సుమారు 4,000 మందికి చాలునట. గదిలోని స్త్రీలతో ఆడపిల్లనుంచి, మగవారును ఎదిగిన పిల్లవాడును అట్టిచోట రాత్రి గడుపవచ్చును. అట్లు పంపునపుడు కారణము చెప్పి మర్యాదగా పంపవలెను. ఒక పాతచీర, నాలుగు గజముల త్రాడు మూటలో నుంచుకొన్నచో ఇంటనైనను బంధువుల యింటనైనను క్షణములో తెర యేర్పడును. మేనత్త మేనమామ బిడ్డలను బావామరదళ్లని పరిహసించుట మనకు వాడుకయే గాని, పండుకొను వేళ ఆ పరిహాసము తగదు. ఆడపిల్లను కాపాడుట యెంత అవసరమో, మగపిల్లవానిని అనుమానింపకుండుటయు అంత అవసరము. ఒకరిని కాపాడ బోయి మరియొకరిని నొప్పింపరాదు.

మరునాడు ఉదయము చిత్తూరునకు పండ్రెండు కిలోమీటర్ల లోపుననున్న కాణిపాకమునకు పోతిమి. అచ్చటి వరసిద్ధి వినాయకుని యెదుట అసత్యమాడరాదని ఈ ప్రాంతమువారి నమ్మకము. తగవులు పడినవారు అక్కడికి వచ్చి ప్రమాణములు చేయుదురు. మా అత్తగారు చాలసేపు చేతులు జోడించి నిలుచుండిరి. వెలుపలికి వచ్చిన పిమ్మట మనుమరాలి చేయి పట్టుకొని, "ఇంకెప్పుడూ నిన్ను ఎగతాళి చెయ్యనని స్వామి ముందు మాట ఇచ్చానే" అనిరి. అది వెంటనే, "బావను గూడా చెయ్యకూడదు, అవ్వా" అన్నది. మా అత్తగారు ఒక్క నిమిష మాలోచించి, మరల గుడి లోనికి పోయిరి.