మాంట్‌గోమరీ సభలు

సభలవల్ల ఏమవుతుందని ప్రశ్నించటం మన చదువుకున్నవాళ్ళలో ఒక అలవాటుగా తయారయింది. ఈ ప్రశ్న వేసేది సాధారణంగా సభలకు వచ్చేవాళ్ళే. వేదికమీద అయిదుగురు మాట్లాడతారు. వాళ్ళు చెప్పినదంతా అధ్యక్షుడు మళ్ళీ చెబుతాడు. తీర్మానం చదువుతారు, చప్పట్లు మోగుతాయి, జనం ఇళ్ళకు పోతారు. ఆ తీర్మానం ఏమయిందో మరుసటి సభలో చెప్పేవాడుండడు, అడిగేవాడూ ఉండడు. చాలా ఏళ్ళుగా పగలు పాఠాలు చెప్పి, సాయంకాలాలు ఇలాటి సభల్లో గడుపుతున్న నాకు ఈ ప్రశ్న అన్యాయమైనదిగా తోచదు. అయితే దీనికి జవాబు సభలు మానుకోవటం కాదు. ఏ సభ పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవటం. ఈ విషయంలో నాకు అన్నిటికన్న ఎక్కువ నేర్పినవి అమెరికాలో అలబామా రాష్ట్రపు రాజధాని మాంట్‌గోమరీలో 1955-56లో నల్లజాతివాళ్ళు జరుపుకున్న సభలు.

ఆ కథ మన విద్యార్థులకు తెలిసిన తీరు ఒకటున్నది. బస్సులో తెల్లవాడికి సీటివ్వటానికి రోసా పార్క్స్ నిరాకరించింది, మార్టిన్ లూథర్ కింగ్ గొప్ప ఉపన్యాసం ఇచ్చాడు, జనం కదిలారు. ఇందులో అబద్ధం లేదుగాని, అసలు సంగతి కూడా లేదు. చరిత్రను ఒక స్త్రీ సహనానికీ, ఒక పురుషుడి కంఠానికీ కుదించి చెబితే, వినేవాడికి చేయవలసిన పనేమీ మిగలదు. మరొక రోసా పార్క్స్ పుట్టేదాకా, మరొక కింగ్ వచ్చేదాకా కాచుకుని కూచోవటమే మిగులుతుంది.

జరిగినది వేరు. ఆ ఊళ్ళో బస్సు ప్రయాణీకుల్లో నూటికి డెబ్భైయిదుగురు నల్లవాళ్ళు. ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపునుంచి ఎక్కవలసి వచ్చేది. వాళ్ళు వెనక్కు నడిచి వచ్చేలోగా డ్రైవరు బస్సు నడుపుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఈ అవమానాన్ని గురించి నల్లజాతి స్త్రీల సంఘమొకటి ఏళ్ళ తరబడి నగర పాలకులతో వాదించింది. ఆ సంఘానికి అధ్యక్షురాలు జో ఆన్ రాబిన్సన్, అక్కడి కాలేజీలో ఇంగ్లీషు ఉపాధ్యాయిని. బస్సుల బహిష్కారం రావచ్చునని ఆమె 1954 మే నెలలోనే మేయరుకు ఉత్తరం రాసింది. 1955 మార్చిలో క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ళ పిల్ల సీటు వదలనందుకు అరెస్టయింది. డిసెంబరు 1న రోసా పార్క్స్ అరెస్టయిన రాత్రి, రాబిన్సన్ తన కాలేజీ సైక్లోస్టైల్ మిషనుమీదనే వేల కరపత్రాలు తీసింది. ఆమెకు ఒక తోటి ఉపాధ్యాయుడూ, ఇద్దరు విద్యార్థులూ సాయపడ్డారు. అది ప్రభుత్వ ధనంతో నడిచే కాలేజీ. పై అధికారులకు తెలిస్తే ఉద్యోగం ఊడేదే. తెల్లవారి ఆమె మామూలుగా పాఠం చెప్పి, ఆ తరవాత కరపత్రాలు పంచటానికి బయలుదేరింది. ఉపాధ్యాయులు ఉద్యమాలకు ఏమి చెయ్యగలరని నిట్టూర్చేవాళ్ళు ఈ ఒక్క రాత్రిని గుర్తుంచుకుంటే చాలు.

డిసెంబరు 5న బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ చర్చిలో సభ. అయిదింటికే చర్చి నిండిపోయింది. పట్టనివాళ్ళు వేలమంది వీధిలో నిలబడి లౌడ్‌స్పీకర్లలో విన్నారు. కింగ్‌కు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. బహిష్కారాన్ని నడపటానికి ఆ మధ్యాహ్నమే ఏర్పడిన సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆయన ఉపన్యాసం గొప్పదే. కాని నాకు అంతకన్న ముఖ్యంగా కనిపించేది దాని తరవాత జరిగిన సంగతి. బహిష్కారం ఒక్క రోజుతో ఆపాలా, కోరికలు నెరవేరేదాకా సాగించాలా అన్నది ఆ సభే తేల్చింది. తీర్మానం చదివి, సమ్మతించేవాళ్ళను లేచి నిలబడమంటే సభ మొత్తం నిలబడింది. అలా నిలబడటం మనం చేతులెత్తటం లాటిది కాదు. అక్కడ లేచినవాడు, మర్నాడు పొద్దున్న పనికి నడిచి వెళతానని తన కాళ్ళతోనే సంతకం పెట్టాడన్నమాట. ఆ సంతకం 381 రోజులు చెల్లింది.

ఇన్ని రోజులు ఉపన్యాసాలతో నడవవు. వారానికి రెండేసి సభలు, ఒకసారి ఒక చర్చిలో, మరొకసారి మరొక చర్చిలో జరిగేవి. పాటలూ ప్రార్థనలూ ఉండేవి. వాటితోబాటు పని లెక్కలూ ఉండేవి. కార్లున్నవాళ్ళు సుమారు మూడు వందలమంది తమ కార్లు పనివాళ్ళను చేరవెయ్యటానికిచ్చారు. ఎక్కే చోట్లు ఏవి, పెట్రోలుకు ఎంతయింది, పోలీసులు ఎవరిని ఆపారు, కోర్టులో ఏమయింది — ఇవన్నీ జనానికి చెప్పవలసిందే. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి మరికొందరు స్త్రీలతో కలిసి కేకులూ, కోడిమాంసం శాండ్‌విచ్చిలూ చేసి అమ్మి, ఆ డబ్బు సభలో అప్పగించేది. తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసే ఆ స్త్రీల పేర్లు బయటపడితే పని పోతుంది. అందుకని తమ జట్టుకు ‘ఎక్కడిదీ కాని సంఘం’ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. డబ్బు ఎక్కడిదని అడిగితే, ఎక్కడిదీ కాదని చెప్పవచ్చుగదా! కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ తన ఉద్యోగం నిజంగానే పోగొట్టుకున్నది. ఆ తరవాత తన ఇంట్లోనే వండి అమ్మింది.

మరొక సంగతి గమనించాలి. మొదట వీళ్ళు కోరినది వివక్ష పూర్తిగా పోవాలని కాదు. డ్రైవర్లు మర్యాదగా ఉండాలి; వెనకనుంచి నల్లవాళ్ళూ, ముందునుంచి తెల్లవాళ్ళూ వచ్చిన వరసన కూచోవాలి; నల్లవాళ్ళుండే పేటల బస్సులకు నల్ల డ్రైవర్లను పెట్టాలి. ఇంతే. ఈ కాస్తకూ పాలకులు ఒప్పుకోలేదు. 1956 జనవరి 30న కింగ్ సభలో ఉండగా ఆయన ఇంటిమీద బాంబు పడింది. ఫిబ్రవరిలో, 1921 నాటి చట్టమొకటి బయటికి తీసి, బహిష్కారం నేరమని ఎనభై మందికి పైగా కేసులు పెట్టారు. పోలీసులు వచ్చేదాకా ఆగకుండా వాళ్ళే వెళ్ళి అరెస్టయారు. అప్పటికే వివక్షనే సవాలుచేస్తూ దావా వేశారు. చైతన్యం పుస్తకాలలోంచి జనంలోకి దిగివస్తుందనుకునే మనకు ఇది పాఠం. చిన్న కోరిక పట్టుకుని కలిసి నిలబడినవాళ్ళకు, శత్రువే పెద్ద కోరిక నేర్పుతాడు.

నవంబరు 13న సుప్రీం కోర్టు తీర్పు వాళ్ళ పక్షాన వచ్చింది. ఉత్తర్వు ఊరు చేరటానికి డిసెంబరు 20 అయింది. ఈలోగా చర్చిలో బస్సు సీట్లలాగా కుర్చీలు వేసి నాటకమాడారు. ఒకడు డ్రైవరు, కొందరు తెల్ల ప్రయాణీకులు, కొందరు నల్లవాళ్ళు. తిట్టినప్పుడు ఎలా ఊరుకోవాలో, కొట్టవచ్చినప్పుడు ఏం చెయ్యాలో అభ్యాసం చేశారు. చూసినవాళ్ళు తప్పొప్పులు చర్చించారు. ప్రజా నాటకమంటే ఏమిటని మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. ఇంతకన్న మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఆ సభలకు లోపాలు లేవనటం వాటిని పూజించటమే అవుతుంది. కరపత్రాలు తీసిందీ, వంటచేసి డబ్బు తెచ్చిందీ, ఎక్కువగా నడిచిందీ స్త్రీలు. వేదిక మటుకు మతగురువులదీ, మగవాళ్ళదీ. హోల్ట్ స్ట్రీట్ సభలో రోసా పార్క్స్‌ను అందరికీ చూపించారు, మాట్లాడనివ్వలేదు. కోర్టులో గెలిచిన దావా వేసినవాళ్ళు నలుగురు స్త్రీలు. కోల్విన్ అందులో ఒకతె. వాళ్ళ పేర్లు ఎంతమంది విద్యార్థులకు తెలుసు?

మన దగ్గర ఇలాటి సభలు లేకపోలేదు. 1927 మార్చిలో మహద్‌లో సభ జరిపినవాళ్ళు అంబేద్కర్ వెంట చెరువుకు నడిచి నీళ్ళు తాగారు. 1985 జులై 17న కారంచేడులో దళితులమీద దాడి జరిగాక, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చీరాలలో శిబిరం వేసుకున్నారు. దళిత మహాసభ పుట్టింది అక్కడే. ఆ సభల్లో బాధితులు శ్రోతలు కారు, కర్తలు. నేను వెళ్ళే సభల్లో తరచుగా జరిగేది ఇందుకు విరుద్ధం. ఎవరిమీద దెబ్బ పడ్డదో వాళ్ళు వెనక వరసలో ఉంటారు. వాళ్ళ బాధను విశ్లేషించేవాళ్ళం ముందు వరసలో ఉంటాం. మైకు వెనక వరసదాకా పోదు.

కాబట్టి ఇకమీదట ఏ సభకు వెళ్ళినా నాలుగు సంగతులు అడగాలని నా ఉద్దేశం. కిందటి సభ నిర్ణయం ఏమయింది? డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది? దెబ్బ తిన్నవాళ్ళు మాట్లాడారా? రేపు పొద్దున్న నేను చేయవలసిందేమిటి? ఇవి అడిగితే కొందరు నిర్వాహకులకు కోపం రావచ్చు. రానివ్వండి. జవాబులున్న సభలో ఉపన్యాసం కాస్త చప్పగా ఉన్నా నష్టం లేదు.