పాట ఎవరిది? - 7: నింద పాడినోళ్లకు, పేరు రాసుకున్నోళ్లకు



మొన్న స్టాఫ్ రూములో జానపద గేయాల సిలబస్ మీద మాట నడుస్తోంది. ఒక సీనియర్ సార్ అన్నారు: "మీ పేటల పాటల్లో కల్లు, సారా తప్ప ఏముందండీ?" అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఆ నవ్వు తలుచుకుని రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ వారం ఒక అమెరికా పాట కథ.

పాట పేరు 'టేక్ ఎ విఫ్ ఆన్ మీ'. నా ఖర్చు మీద ఒక పీల్పు పీల్చు అని. పీల్చేది కొకైన్. ఎవరు కట్టారో తెలియదు. నోటి నుంచి నోటికి తిరిగిన పాట. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ రికార్డింగ్ మిషన్ తీసుకుని లూసియానాలోని అంగోలా జైలుకు వెళ్లారు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ పాడిన పాటల్లో ఇదొకటి. మరుసటి ఏడాదే లోమాక్సుల జానపద గేయాల పుస్తకంలోకి ఎక్కింది.

ఇక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. కూలీల నోట్లోకి కొకైన్ ఎలా వచ్చింది?

19వ శతాబ్దం చివర్లో అది నిషిద్ధ వస్తువు కాదు. మందుల షాపులో అమ్మేవారు. జలుబు పొడుల్లో ఉండేది. మొదట్లో కోకా కోలాలోనూ ఉండేది. న్యూ ఆర్లీన్స్ రేవులో గంటల తరబడి బరువులు మోసే నల్లజాతి హమాలీలు అలసట తెలియకుండా ఉండటానికి వాడారు. కొన్నిచోట్ల పనిచేయించుకునేవాళ్లే అందించారని చరిత్రకారులు రాశారు. ఒళ్లు వాళ్లది, లాభం ఇంకొకరిది.

తర్వాత కథ తిరగబడింది. 1914 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక డాక్టర్ వ్యాసం వచ్చింది. కొకైన్ తీసుకున్న నల్లవాడు తుపాకీ గుండుకూ పడడని, దక్షిణాది పోలీసులు పెద్ద తుపాకులు కొంటున్నారని దాని సారాంశం. అదే డిసెంబరులో హారిసన్ చట్టం వచ్చింది. ఆ చూపు అక్కడితో పోలేదు. 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ దొరికితే కనీసం ఐదేళ్ల జైలు. పొడి కొకైన్ అయితే అదే శిక్షకు 500 గ్రాములు ఉండాలి. క్రాక్ కేసుల్లో జైలుకు పోయినవాళ్లలో అత్యధికులు నల్లవాళ్లే. 2010లో ఆ తేడా 100 రెట్ల నుంచి 18 రెట్లకు తగ్గింది. పోలేదు, తగ్గింది.

పాట మాత్రం హాయిగా ప్రయాణించింది. 1927లోనే తెల్లజాతి బాంజో కళాకారుడు చార్లీ పూల్ కొకైన్ తీసేసి మద్యం పెట్టి రికార్డు చేశాడు. అప్పటికి మద్యమూ నిషేధమే! 1970లో బర్డ్స్ అనే రాక్ బృందం పాడింది. అదే నల్లకూలీ పాడితే వ్యసనం, వీళ్లు పాడితే సంప్రదాయం.

లెడ్ బెల్లీ 1949 డిసెంబరులో చనిపోయాడు. ఆయన పాడిన 'గుడ్‌నైట్ ఐరీన్' మరుసటి ఏడాది వీవర్స్ గొంతులో అమెరికా అంతా మోగింది. రచయితల పేర్లలో లోమాక్స్ పేరూ ఉంది.

ఇది చదివి లోమాక్స్‌ను తిట్టబోయాను. నా పీహెచ్‌డీ గుర్తొచ్చి ఆగిపోయాను.

అనుబంధంలో మా పెద్దమ్మ పాడిన మూడు నాటు పాటలున్నాయి. ఒకటి మొగుడి కూలి డబ్బులు సారా కొట్టు మింగేసిన పాట. కింద ఏం రాశాను? "గాయని: వ్యవసాయ కూలీ, 60 ఏళ్లు. సేకరణ:" అని నా పేరు, డిగ్రీలతో సహా. పెద్దమ్మకు పేరు లేదు, వయసు మాత్రం ఉంది.

ఆ సారా కొట్టుకు వేలం పాట పెట్టింది ప్రభుత్వం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొట్లు మూయించేదాకా ఆ ఆదాయం ఎవరికీ చేదనిపించలేదు. మా పెద్దమ్మ పాట మత్తును పొగడలేదు. సాక్ష్యం చెప్పింది.

రేపు ఆ సార్‌ను అడుగుతాను: పాటలో సారా కనిపించింది, దాన్ని అమ్మినవాడు ఎందుకు కనిపించలేదండీ?

థీసిస్ పుస్తకంగా వస్తోంది. ప్రూఫుల్లో మొదటి దిద్దుబాటు చేశాను. మూడు పాటల కిందా పెద్దమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రికార్డర్ ఆన్ చేసే ముందు పేరు అడగండి.