పెదవి చిమచిమలాడితే

మా నంబులపూలకుంట వైపు పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేస్తే "మూతి పేలింది" అంటారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి గనుక ఆ క్రియాపదమంటే నాకు ముచ్చట. జొన్నలూ పేలుతాయి, టపాకాయలూ పేలుతాయి, హద్దుమీరి మాట్లాడేవాళ్ళూ పేలుతారు. రోజుకు నాలుగు క్లాసులు గొంతు చించుకునే నాకు మూతి పేలడం న్యాయమేనని మా ఆవిడ తీర్పు.

కారణమేమని అడిగితే ఊళ్ళో ఒకటే జవాబు: "వేడి చేసింది." ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది బొత్తిగా తోసిపారవేయదగ్గ మాట కాదు. అసలు కర్త హెర్పిస్ అనే వైరసు. చాలామందికి అది చిన్ననాడే, పెద్దల ముద్దులతో పాటు అంటుకుంటుంది. యాభై యేళ్ళ లోపువారిలో ప్రతి ముగ్గురికీ ఇంచుమించు ఇద్దరి ఒంట్లో వున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వచ్చింది మరి పోదు. ముఖానికి స్పర్శ తెలిపే నరం మొదట్లో నిద్రపోతూ వుంటుంది. జ్వరం తగిలినా, మనసు నలిగినా, ఎండ కొట్టినా లేచి ఆ నరం వెంబడే పెదవికి దిగుతుంది.

ఎండకు మా వైపు కరువేమున్నది? వానలు ముఖం చాటేస్తాయి గాని ఎండ ఏ యేడూ బాకీ పెట్టలేదు. దాన్ని నమ్ముకునే 2016లో మా మండలంలో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. అదే ఎండలో చెనిక్కాయ చెట్లు పీకి వచ్చిన ఆడవాళ్ళకు మూడోనాటికి మూతి పేలుతుంది. కొంగు ముఖం మీదికి లాక్కోవడం మన అమ్మలు కనిపెట్టిన ఉపాయం. ఎండను ఆపే పెదవిపూత దొరికితే మరీ మంచిది.

ఇక మందు సంగతి. పూర్వం వెన్నపూస రాసేవాళ్ళు. పగుళ్ళు మెత్తబడేవి, నిజమే; వైరసుకు మాత్రం చీమ కుట్టినట్టయినా వుండేది కాదు. దానికోసం వచ్చినది అసైక్లోవిర్ అనే మందు, నూటికి ఐదు పాళ్ళు కలిపిన మలాము. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ గార్ల ప్రయోగశాల నుంచి వచ్చినది. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ హిచింగ్స్ చదువుకునే రోజుల్లో హార్వర్డులో, ఫిస్కే అనే ఆచార్యుని వద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారితో కలిసి పనిచేసినవాడు. పెదవి మీది పొక్కు దగ్గర భీమవరం గుర్తుకు రావడం వింతే గాని, నాకు ఆ ట్యూబు చూసినప్పుడల్లా గుర్తుకు వస్తుంది.

ఆ మందు చేసేది తమాషా పని. వైరసు తన సంతానాన్ని పెంచుకోవడానికి పూస వెంబడి పూస గుచ్చి దండ కడుతుంది. ఈ మందు పూసలాగే కనిపించే దొంగపూస. దాన్ని గుచ్చగానే దండ ఆగిపోతుంది. పైగా ఆ దొంగపూసను పనికి సిద్ధం చేసేది వైరసే. అది చేరని కణాల జోలికి మందు అంతగా పోదు. అయితే దండ కట్టడం పూర్తయ్యాక పూసలు మార్చి ఏం లాభం? పెదవి చిమచిమలాడినప్పుడే, పొక్కు పైకి రాకమునుపే, రోజుకు ఐదుసార్లు చొప్పున నాలుగైదు రోజులు రాయాలి. అప్పుడైనా వారం పదిరోజుల బాధలో తగ్గేది అరరోజో ఒక రోజో. పొక్కులు పగిలాక రాయడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

మందులషాపులో "మూతి మీద పొక్కు" అని చెప్పి చేతికిచ్చినది తెచ్చుకోవడం మరో ప్రమాదం. ఒకచోట మా బంధువుకొకరికి స్టెరాయిడు కలిసిన పైపూత ఇచ్చారు. ఎరుపు తగ్గినట్టే కనిపించి పుండు గడ్డం దాకా పాకింది. అవి ఒంటికున్న ఎదిరించే శక్తినే అక్కడ జోకొడతాయి. పేరు చదవకుండా ట్యూబు మూత తీయరాదు.

ఈ జాగ్రత్తలన్నీ మనకోసం. ఇతరుల సంగతి వేరు. మొన్న కదిరిలో మా చెల్లెలి కూతురు బిడ్డకు పదకొండో రోజు పురుడు. మా అక్క ఊరినుంచి వచ్చింది. ఆ పిల్లను తల్లికంటె ఎక్కువగా పెంచిన మనిషి. కాళ్ళు కడుక్కుని తిన్నగా ఉయ్యాల దగ్గరికి పోయింది. చూద్దును గదా, కింది పెదవి మీద పగిలిన పొక్కులు.

"అక్కా, వద్దు," అన్నాను.

"యాలరా? మందు పూసినాను గదా! నేనేమన్నా పరాయిదాన్నా?"

ఇల్లంతా నిశ్శబ్దం. చెల్లెలు నావంక చురచుర చూసింది. చెప్పక తప్పలేదు. మనకు నాలుగు రోజుల మంట అయ్యేది నెల నిండని బిడ్డకు మెదడుకూ కాలేయానికీ పాకి ప్రాణమే తీయగలదు. మలాము రాసినంత మాత్రాన అంటు పోదు; చెక్కు కట్టి రాలేదాకా వుంటుంది. అక్క చేయి వెనక్కు తీసుకుంది. ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు తిట్టుకంటె బరువైంది.

అయినా ఊరికి పోలేదు. గుమ్మం ఇవతల చాప వేసుకుని కూర్చుని ఉయ్యాలను చూసేది. తన గ్లాసూ తువ్వాలూ తానే వేరుగా పెట్టుకుంది. మందు రాసేముందూ రాసినాకా చేతులు కడిగేది. రుద్దకుండా అద్దేది. ఆ వేలు కంటికి తగలరాదని, తగిలితే చూపుకే చేటని చెప్పిన తరువాత కన్నీళ్ళు కూడా కొంగుతోనే తుడుచుకుంది.

తొమ్మిదో నాటి పొద్దున అద్దం పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"చెక్కు రాలింది, బాగా చూడు."

కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. చర్మం లేత గులాబిరంగులో, నున్నగా వున్నది.

"ముద్దు మాత్రం పాదాలకే," అన్నాను.

"ఇంగ నువ్వు పేలింది చాల్లే," అంటూ ఉయ్యాల వైపు నడిచింది.