నిజమునకొక చలివేంద్రము

మా చంద్రపురము జిల్లాలో పులి మాట కట్టుకథ కాదు. 2025వ సంవత్సరము మే 10వ తేదీన సిందేవాహి తాలూకాలో తునికాకు కోయబోయిన స్త్రీలు ముగ్గురు ఒకే దినమున పులివాత పడిరి. అట్టి జిల్లాలో, అదే యేడు నవంబరున, ఒక వీడియో ఫోనులలో తిరుగజొచ్చినది. బ్రహ్మపురి అటవీ విశ్రాంతి గృహము ముంగిట కూర్చున్న మనుష్యుని పులి యొకటి పట్టి యీడ్చుకొనిపోవుట అందు కన్పట్టును. అటవీశాఖవారు విచారించి, అట్టి సంఘటన జరుగనే లేదనియు, ఆ దృశ్యము కృత్రిమ మేధతో కల్పించినదనియు ప్రకటించిరి.

పులి రాకపోవుట మంచిదే గదా యని కొందరందురు. మాకట్లు తోపదు. అడవి యంచున బ్రతుకువారికి పులి వార్త వినోదము కాదు. రేపు ఆకునకు పోవలెనా, పశువులను ఎటు తోలవలెను అనునది దానిని బట్టియే నిర్ణయించుకొందురు. నాలుగు మారులు బూటకపు పులిని చూచి నవ్వినవారు ఐదవమారు నిజమైన హెచ్చరికను గూడ నవ్వి త్రోసివేయుదురు. ‘నాన్నా, పులి’ కథ మనమందరము చిన్ననాడే వింటిమి. ఆ పిల్లవాడు ఒక్క పొలములోనే కేక వేసెను. ఇప్పటి కేక మరాఠీలో పుట్టి, హిందీలో పెరిగి, తెలుగులో ఆదిలాబాదు చేరును. భాష మారినప్పుడెల్ల ఊరి పేరును మారుచుండును!

భయము కోపముగా మారినచో సంగతి ఇంకను ఘోరము. 2018 జూలై 1న మన రాష్ట్రముననే, ధులే జిల్లా రాయిన్‌పాడాలో, పిల్లల దొంగలు వచ్చిరను వదంతిని నమ్మిన జనము ఐదుగురిని కొట్టి చంపిరి. వారు నాథపంథీ డవరీ గోసావీలు. మన గంగిరెద్దులవారివలె ఊరూర తిరిగి యాచించుకొనువారు. వాకిట నిలిచినవానికి చేటెడు గింజలు పెట్టుట ఎరిగిన దేశమిది.

ఆ కాలమున తిరిగిన వీడియోలలో ఒకదాని పుట్టుక వినదగినది. కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్ అను సేవాసంస్థ పిల్లల రక్షణకై ఒక ప్రబోధ చిత్రము తీయించినది. మోటారు సైకిలుపై బిడ్డను ఎత్తుకొనిపోయినవాడు వెంటనే తిరిగి వచ్చి, బిడ్డను దించి, హెచ్చరిక పలకను చూపును. ఎవరో ఆ కడపటి భాగమును కత్తిరించివేసిరి. మేలు కోరి తీసిన చిత్రమే విషమైనది. అసలు చిత్రమును వెదకి పట్టి చూపుటకు కొందరు కూర్చుండి శ్రమపడవలసివచ్చెను.

ఆ 2018లోనే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి గారు తమ సిబ్బందిని పల్లెపల్లెకు పంపిరి. వారు డప్పు కొట్టి, పాట కట్టి, తెలుగులోనే చెప్పిరి. ఆ 400 పైచిలుకు గ్రామములలో వదంతివలన ఒక్క ప్రాణమైనను పోలేదు.

అబద్ధమును పంపుటకు కానీ ఖర్చు లేదు. దానిని కాదని నిరూపించుటకు మనిషి కావలెను, వానికి జీతము కావలెను. అటవీశాఖకును పోలీసులకును ప్రభుత్వము ఇచ్చును. తక్కినవారికెవరిత్తురు? 2017లో మొదలైన ఆల్ట్ న్యూస్ పాఠకుల విరాళములపై నడచుచున్నది. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ తెలుగులోను నిజానిజములు ప్రకటించుచున్నది. ఇట్టి పనికి ధనమిచ్చుటను మనవారింకను దానముగా నెంచరు. గుడికిత్తుము, అన్నదానమునకిత్తుము. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటునప్పుడు, మరాఠీవారు పాణపోయి అనెడి చలివేంద్రమునకు అడుగకయే ఇత్తుము. కుండ తనంత తాను నీరు పోయదు గనుక, పోయువానికి కూలి యిత్తుము. అయితే దాత పేరును, ఇచ్చిన మొత్తమును గోడపై వ్రాసియుంచుట అవసరము. దాత చెప్పిన అబద్ధమును గూడ బయటపెట్టగల స్వేచ్ఛ లేనిచో ఆ విరాళము వలదు.

మా బస్తీలో సంత జరుగు చోట ఒక నల్లబల్ల పెట్టవలెనని మా సంకల్పము. ఆ వారము వచ్చిన వదంతిని, విచారించి తెలిసికొన్న సంగతిని దానిపై వ్రాయుదుము. రంగునకు, సుద్దకు, అటవీ కార్యాలయమునకు పోయి అడిగి వచ్చువారి బస్సు చార్జీలకు చందాలు కావలెను. పై భాగమున తెలుగుండవలెనా, మరాఠీ యుండవలెనా అను వాదము మాత్రము ఇంకను తెగలేదు.