దాచిపెట్టిన జబ్బు

నిమ్మనపల్లెలో ఎవరికైనా క్యాన్సర్ అనుమానం వస్తే తిరుపతికో, వేలూరు సీఎంసీకో పోవాలి. జబ్బు ముదిరిందని, ఇక నయం కాదని తేలాక ఆ మాట కొడుక్కీ కోడలికీ చుట్టాలకీ తెలుస్తుంది. తెలియనిదల్లా ఆ తల్లికో తండ్రికో. ప్రేమతోనే దాస్తారు, కాదనను. కానీ క్యాన్సర్ వార్డు ముందు గంటలకొద్దీ కూర్చున్న మనిషి ఏమీ గ్రహించలేదనుకోవడం మన అమాయకత్వం. చాలాసార్లు వాళ్లకూ తెలుసు. పిల్లలు కుమిలిపోతారని తెలియనట్టు ఉంటారు.

తెలిస్తే ధైర్యం చెడి ముందే పోతారంటారు. గుమ్మంలో నిలబడి మొహాన చెప్తే ఎవరైనా కుంగిపోతారు, నిజమే. అందుకే ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు వాళ్లనే అడగాలి. వద్దంటే ఆ నిర్ణయమూ వాళ్లదే. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. మామూలు వైద్యంతోపాటు మొదటినుంచే నొప్పినీ బాధనూ తగ్గించే ఉపశమన వైద్యం అందినవాళ్లలో దిగులు తగ్గింది, వాళ్లలో సగంమంది 11.6 నెలలకు మించి బతికారు, మిగతావాళ్లలో సగంమంది 8.9 నెలలకు మించి. ఒక్క అధ్యయనం, ఒక్క రకం క్యాన్సర్. పైగా అది నిజం చెప్పడం గురించి చేసింది కాదు. అయినా జబ్బు పేరే ఎత్తకుండా అలాంటి వైద్యం సాగడం కష్టం.

నయం చేయలేకపోయినా రోగిని చూసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో, 1915 నాటికే, అక్కడ గాలి, తిండి, విశ్రాంతితో రోగుల్ని చూసుకున్నారు. ఇప్పుడు నొప్పికి మార్ఫిన్ ఉంది, 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించి దాని లైసెన్సుల చిక్కూ తగ్గించారు. ఇంకో కీమో కావాలా, ఇంటికి పోదామా అన్నది తేల్చాల్సింది ఆ నొప్పి పడుతున్నవాళ్లు.