కలకత్తా పోయినవాళ్ళు, పోని మా చాచా

మా భాంజాకి డార్ట్‌మండ్ అంటే పిచ్చి షౌక్. మొన్న ఇఫ్తార్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తకముందే మొదలుపెట్టాడు. "మామూ, బాయెర్న్ మ్యూనిక్ వాళ్ళు చోర్‌లు. మైదాన్‌లో ఓడించలేని జట్టుని చెక్కు రాసి ఓడిస్తారు."

వాడి శికాయత్ పాతదే. డార్ట్‌మండ్ 2011లో, 2012లో వరసగా జర్మన్ లీగ్ గెలిచింది. 2012 కప్ ఫైనల్లో బాయెర్న్‌ని 5-2తో చిత్తు చేసింది. మరుసటేడు ఏప్రిల్లో, రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్ రేపనగా, గోట్సె బాయెర్న్‌కి పోతున్నాడని ఖబర్ బయటపడింది. కాంట్రాక్టులో రాసుకున్న 37 మిలియన్ యూరోలు కడితే చాలు, ఆపే హక్ డార్ట్‌మండ్‌కి లేదు. 2014లో లెవాండోస్కీ పోయాడు. గడువు తీరిపోయింది కాబట్టి ఒక్క యూరో చేతికి రాలేదు. 2016లో కెప్టెన్ హుమ్మెల్స్ వంతు. 2013 నుంచి 2023 దాకా బాయెర్న్‌వే వరసగా 11 టైటిళ్ళు.

"మరి మీవాళ్ళు 2012లో రాయిస్‌ని మ్యూన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ నుంచి తెచ్చుకోలేదా?" అన్నాను.

"అతను పుట్టిందే డార్ట్‌మండ్‌లో మామూ!"

"గోట్సె పుట్టింది కూడా బవేరియాలోనే కదరా."

ఆపా నవ్వింది. వాడికి గుస్సా వచ్చింది. కానీ వాడు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, దాన్ని నవ్వి కొట్టిపారేయలేం. పరాయి దేశం క్లబ్బు నీ ఆటగాణ్ణి తీసుకుపోతే నీకు ఒకడు తగ్గుతాడు, అంతే. అదే నీతో టైటిల్ కోసం కొట్లాడే పక్కింటివాడు తీసుకుపోతే, నీకు తగ్గిందంతా వాడి లెక్కలో కలుస్తుంది. దెబ్బ రెండు సార్లు తగులుతుంది.

ఈ బాధ నాకు కొత్త కాదు. మల్లేపల్లిలో మా చాచా నోట వింటూనే పెరిగాను. అక్కడ బాయెర్న్ జాగాలో కలకత్తా ఉండేది. "లూటీ చేశారు బేటా, హైదరాబాద్ ఫుట్‌బాల్‌ని కలకత్తావాళ్ళు లూటీ చేశారు" అనేవారు.

ఆ జమానా పిల్లలకి కథలా ఉంటుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానం దాకా, 1962 జకార్తాలో ఏషియాడ్ బంగారం దాకా నడిపించింది ఆయనే. ఆ జట్టు మీద కలకత్తా పెద్ద క్లబ్బుల కన్ను పడకుండా ఎలా ఉంటుంది? సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. 1966లో నయీముద్దీన్, పదిహేడేళ్ళ హబీబ్ అదే దారి పట్టారు. తరవాత హబీబ్ తమ్ముడు అక్బర్. 1965-66లో బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ తెచ్చుకున్న ఆంధ్రప్రదేశ్, కొన్నేళ్ళలోనే ఆ పోటీల్లో గుర్తుపట్టలేనంత చిన్నదైపోయింది.

చాచా లెక్క ఇక్కడితో ఆగిపోయేది. నాకు మాత్రం ఒకటి అతకదు. బలరాం పోయిన ఏడాదే పోలీస్ జట్టు మళ్ళీ రోవర్స్ గెలిచింది. 1960లోనూ గెలిచింది. 1961లో డ్యూరాండ్ కప్ తెచ్చింది. అంత పెద్ద ఆటగాడు పోయినా ఖాళీ కనపడలేదు, ఎందుకంటే వెనక ఇంకొకణ్ణి తయారుచేసే రహీం సాబ్ ఉన్నారు. 1963లో కేన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. హబీబ్, నయీం పోయింది ఆ తరవాత. వాళ్ళ జాగాలో నిలబెట్టే పిల్లల్ని తయారుచేసేవాళ్ళు మిగల్లేదు. కలకత్తా కొనింది, నిజమే. మనం నాటడం మానేశాం, అదీ నిజమే.

దూరం ఎందుకు, మన కళ్ళ ముందే జరిగింది. 2021లో హైదరాబాద్ ఎఫ్‌సీ తన మెరికలాంటి కుర్రాడు లిస్టన్ కొలాసోని ఏటీకే మోహన్ బగాన్‌కి అమ్మింది. మళ్ళీ కలకత్తానే! "ఖతం" అనుకున్నాను. మరుసటి సీజన్ సెమీఫైనల్లో, కొలాసో ఎదుటివైపు ఆడుతుండగా, అదే మోహన్ బగాన్‌ని దాటి మనవాళ్ళు ఐఎస్‌ఎల్ గెలిచారు. ఈసారి ఆటగాడితో పాటు పైసలూ చేతులు మారాయి, ఆ జాగాలో నిలబడేవాళ్ళూ ఉన్నారు. ఆ తరవాత పైసల కటకట మొదలైంది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే పోయారు. చివరికి జట్టుకి జట్టే పేరు మార్చుకుని ఢిల్లీ పోయింది. అది ఏ బాయెర్న్ చేసిన పని?

ఇదంతా చెప్తే భాంజా ఒప్పుకోలేదు. "అంటే బాయెర్న్ మాసూమా?" అన్నాడు. కాదు. పైసలున్నవాడికి ప్రతిసారీ మొదట ఎంచుకునే హక్ ఉంటే లీగ్ బేమజా అవుతుంది. కానీ 2023 మేలో సొంత గ్రౌండ్‌లో మైన్స్ మీద గెలిస్తే టైటిల్ డార్ట్‌మండ్‌దే. 2-2తో డ్రా చేసుకుంది. ఆ రోజు వాళ్ళ జేబులో ఎవరు చెయ్యి పెట్టారు? పైగా ఆటగాడు మామిడి చెట్టు కాదు కదా, నాటినచోటే ఉండిపోవడానికి.

చాచా ఉండిపోయారు. ఆ సంగతి వాడికి తెలీదు. ఆయనకీ కలకత్తా నుంచి కబురొచ్చింది. దాదీ ఏడ్చింది, ఇక్కడి ఒక కంపెనీ జట్టువాళ్ళు పక్కా నౌకరీ అన్నారు. వఫాదార్‌గా ఇక్కడే ఆడారు. పదేళ్ళు తిరక్కుండా ఆ జట్టునే ఎత్తేశారు. అక్కడే గుమాస్తాగా రిటైర్ అయ్యారు. ఆయన ఆడేవాడని ఇప్పుడు మా గల్లీలో కూడా ఎవరికీ యాద్ లేదు.

2023 ఆగస్టు 15న హబీబ్ సాబ్ ఇంతెకాల్ అయ్యారని ఖబర్ వచ్చింది. చాచా దగ్గరికి వెళ్ళాను. టీవీలో 1977 ముచ్చట చెప్తున్నారు, ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ కొట్టిన గోల్ గురించి. చాచా చాలాసేపు మాట్లాడలేదు. ఊరడిద్దామని, "ఆయన్ని కూడా కలకత్తావాళ్ళే లూటీ చేశారు కదా చాచా" అన్నాను.

నా వైపు తిరిగి చూశారు.

"పోయాడు కాబట్టే నువ్వు ఆయన పేరు విన్నావు బేటా," అని టీవీ ఆపేశారు.