పావలాకు లక్ష వస్తుందా?

ఏడో తరగతి చదివే మా అమ్మాయి దగ్గర నూట నలభై నాణేలున్నాయి. అన్నీ చిల్లరే: పావలాలు, అర్ధరూపాయిలు, రూపాయి బిళ్లలు. ఏది చేతికొచ్చినా ముందు సంవత్సరం కింద గుర్తు చూస్తుంది. ఐదు కోణాల నక్షత్రముంటే మన హైదరాబాద్ టంకశాలది. చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారమైతే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

ఒకరోజు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, "నాన్నా, ఖడ్గమృగం పావలాకు లక్ష ఇస్తారట!" అంది. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పావలాలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అయినా కోట్లలో ముద్రించినవి కాబట్టి అరుదేమీ కాదు. పాతబడితే చాలదు. ముద్రణ తక్కువై ఉండాలి, లేదా టంకశాలలోనే అచ్చు తప్పి ఉండాలి. నాణెం అరగకూడదు, కోరి కొనేవాళ్లుండాలి. మెరవాలని చింతపండు పెట్టి తోమితే ఉన్న విలువా పోతుంది.

పాత నాణేలు కొంటామంటూ ముందుగా రుసుము అడిగేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించిందని కూడా చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకుంది. నాణేలు మాత్రం వదల్లేదు. లక్ష ఆశ పోయాక కూడా మిగిలిన ఇష్టమే నాకు నచ్చింది.

మీ ఇంట్లోనూ చిల్లర డబ్బా ఉంటే, ఈ ఆదివారం పిల్లల ముందు బోర్లించి చూడండి.